సొంత పెట్టుబడి అంకుర సంస్థలకు ఉచిత వనరులు: మైత్రీవనం పరిసరాలు

బయటి పెట్టుబడిదారుల జోలికి పోకుండా దాచుకున్న జీతం, ఇంట్లోవాళ్లు సర్దిన సొమ్ము, మొదటి కస్టమర్లు ఇచ్చిన అడ్వాన్సులతో నడిచే కొత్త సంస్థలను సొంత పెట్టుబడి అంకుర సంస్థలు అంటారు. పతాక శీర్షికలకెక్కేది కోట్ల ఫండింగ్ తెచ్చుకున్న సంస్థలే అయినా, తెలుగు రాష్ట్రాల్లో మొదలయ్యే చిన్న సంస్థల్లో ఎక్కువ భాగం సొంత డబ్బుతో పుట్టేవే. వీటికి అందుబాటులో ఉన్న ఉచిత సేవలు తక్కువేమీ కావు. ప్రభుత్వ పోర్టళ్లు, విద్యాసంస్థల ఇంక్యుబేటర్లు, స్వచ్ఛంద సంఘాలు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, అనుభవజ్ఞుల సలహా, ఇలా చాలా ఉన్నాయి. కాకపోతే అన్నీ ఒకచోట ఉండవు, ఒక్కరిని అడిగితే తెలియవు. అమీర్‌పేటలోని మైత్రీవనాన్ని నడిమధ్యన పెట్టుకుని చూస్తే మాత్రం వీటిలో చాలావాటికి మెట్రో రైల్లో వెళ్లి రావచ్చు.

ఉచిత సేవ ఏదైనా చివరికి చేసిపెట్టే మేలు, చేతిలో ఉన్న డబ్బును మరికొన్ని నెలలు నిలబెట్టడం. కాబట్టి ప్రతి వనరునూ రెండు ప్రశ్నలతో తూచి చూసుకోవాలి. దీనివల్ల ఏ ఖర్చు తప్పుతుంది? బదులుగా ఎంత సమయం పోతుంది? రెండో ప్రశ్న వేసుకోకపోవడం వల్లే చాలామంది పోటీలకూ ప్రదర్శనలకూ తిరుగుతూ, అమ్మాల్సిన సరుకు అమ్మకుండా ఏళ్లు గడిపేస్తారు.

మైత్రీవనం: శిక్షణ కేంద్రాలకు ముందు, తర్వాత

అప్పటి హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ హుడా కట్టించిన వాణిజ్య సముదాయం పేరు మైత్రీవనం. క్రమంగా ఆ పేరు చుట్టుపక్కల వీధులన్నిటికీ పాకింది. స్వర్ణజయంతి కాంప్లెక్స్, ఆదిత్య ఎన్‌క్లేవ్, ఎస్సార్ నగర్, బల్కంపేట హాస్టళ్లు, పంజాగుట్ట వైపు వెళ్లే రోడ్డు, అన్నీ కలిపి ఊళ్లనుంచి వచ్చేవాళ్లకు ‘మైత్రీవనమే’.

సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డులు ఇప్పుడు ఆ గోడల్ని కప్పేశాయి గానీ, ఈ భవనానికి అంతకంటే ముఖ్యమైన చరిత్ర ఉంది. చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలు విదేశాలకు పని అమ్ముకునేలా సాయపడేందుకు కేంద్ర ప్రభుత్వం 1991లో సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్క్స్ ఆఫ్ ఇండియా, అంటే ఎస్‌టీపీఐని సొసైటీగా ఏర్పాటు చేసింది. 1990లలో దాని హైదరాబాద్ కేంద్రం మైత్రీవనంలోనే ఉండేది. ఆ రోజుల్లో విదేశీ కస్టమర్‌కు ప్రోగ్రాం పంపాలంటే ఉపగ్రహ డేటా లింకు కావాలి, అది చిన్న సంస్థ ఒంటరిగా భరించగల ఖర్చు కాదు. ఎస్‌టీపీఐ ఆ లింకును పలువురికి పంచింది. సుంకం లేకుండా కంప్యూటర్లు దిగుమతి చేసుకోవడానికి, ఎగుమతి పత్రాలకు ఒకే కిటికీ దగ్గర అనుమతులిచ్చింది. 1998 నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక పరిశ్రమ బరువు పడమటికి జరిగింది, అమీర్‌పేటకు శిక్షణ మిగిలింది. హైదరాబాద్ చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలకు తొలినాటి ఉమ్మడి వసతి దొరికింది ఈ మెట్ల మీదే అన్న సంగతి ఇప్పుడు కోర్సు వెతుక్కుంటూ ఆ మెట్లెక్కేవాళ్లలో చాలామందికి తెలియదు.

ఇక్కడి శిక్షణ కేంద్రాలు కూడా సొంత డబ్బుతో సంస్థ పెట్టేవాళ్లకు ఒక వనరే. తెల్లవారి బ్యాచ్‌లతో మొదలై రాత్రి దాకా క్లాసులు నడుస్తాయి. కొత్త బ్యాచ్ మొదలైతే మొదటి రెండు మూడు రోజులు ‘ఫ్రీ డెమో’. ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు, నచ్చితేనే ఫీజు. కోడింగ్ తెలియని వ్యాపారి ఈ డెమోల్లో నాలుగైదు కూర్చుంటే, తన పనికి ఏ సాంకేతికత అవసరమో, ఏది అనవసరమో కనీసం ప్రశ్న అడగగలిగేంత తెలుస్తుంది. ప్రోగ్రామర్ చెప్పే ఎస్టిమేట్ వినేటప్పుడు ఆ మాత్రం జ్ఞానం వేలల్లో ఖర్చు తగ్గిస్తుంది. ఫ్యాకల్టీ బోర్డు మీద రాసిన నోట్సును జెరాక్స్ షాపులు స్పైరల్ బైండింగ్ చేసి తక్కువ ధరకు అమ్ముతాయి. పాఠాల్లో చాలావాటిని ఆ సంస్థలే యూట్యూబ్‌లో ఉచితంగా పెట్టాయి. తెలుగు కలిపి చెప్పే సాంకేతిక పాఠాలు ఇంత విరివిగా ఇంకెక్కడా దొరకవు.

మొదటి ఉద్యోగిని వెతుక్కోవడానికీ ఇదే చోటు. అయితే ఇక్కడ జాగ్రత్త అవసరం. లేని అనుభవం ఉన్నట్టు చూపించే రెజ్యూమెలు ఈ బజారులో తిరుగుతాయి. రెజ్యూమె పక్కన పెట్టి, రెండు రోజుల్లో పూర్తయ్యే చిన్న పని ఇచ్చి, దానికి డబ్బు చెల్లించి చూడడం మంచి పద్ధతి. ఉచితంగా పని చేయించుకుని పరీక్ష అనడం మాత్రం తప్పు. హాస్టల్ అద్దె కట్టడానికి లెక్కలేసుకునే పిల్లల దగ్గర ఆ పని అసలు చేయకూడదు.

యూసుఫ్‌గూడ: 1962 నుంచి ఉన్న అండ

అమీర్‌పేట నుంచి రాయదుర్గం వైపు మెట్రోలో మధురానగర్ దాటితే యూసుఫ్‌గూడ స్టేషన్. ఆ ప్రాంతంలో జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థ నిమ్స్‌మె ప్రాంగణం ఉంది. 1960లో ఢిల్లీలో వేరే పేరుతో మొదలై, 1962లో హైదరాబాద్‌కు వచ్చి చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థగా, ‘సియెట్’గా పేరు తెచ్చుకుంది. 1984లో జాతీయ సంస్థ అయింది, 2007 నుంచి ఇప్పటి పేరు.

సొంత డబ్బుతో వ్యాపారం చేసేవాళ్లకు నిజంగా ఏ సహాయం పనికొస్తుంది అన్న ప్రశ్నకు ప్రపంచంలోనే పేరున్న ప్రయోగాల్లో ఒకటి ఇక్కడ జరిగింది. హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌లెలాండ్ సియెట్‌తో కలిసి కాకినాడను ఎంచుకున్నారు. 1964లో ఆ పట్టణ వ్యాపారులు 52 మంది బృందాలుగా హైదరాబాద్ వచ్చి శిక్షణ తీసుకున్నారు. వాళ్లకు అప్పు ఇవ్వలేదు, గ్రాంటు ఇవ్వలేదు, యంత్రాలు ఇవ్వలేదు. లక్ష్యం పెట్టుకోవడం, రిస్కును తూచుకోవడం, ఫలితాన్ని తామే కొలుచుకోవడం నేర్పారు. మెక్‌లెలాండ్ పద్ధతిలో ప్రసిద్ధమైనది రింగులు విసిరే ఆట. కర్రకు రింగు తగిలించాలి, ఎంత దూరం నుంచి విసరాలో ఎవరికి వారే తేల్చుకోవాలి. మరీ దగ్గర నిలబడితే గెలుపుకు విలువ లేదు, మరీ దూరం పోతే అదృష్టం మీద ఆధారపడ్డట్టు. తన చేతి సత్తాకు కొంచెం పైనుండే దూరాన్ని ఎంచుకునేవాడే వ్యాపారానికి తగినవాడని ఆయన వాదన. శిక్షణ పొందినవాళ్లు, పొందనివాళ్ల కంటే చురుగ్గా కొత్త వ్యాపారాలు పెట్టారని, పెట్టుబడి పెంచారని, ఎక్కువ మందికి పని ఇచ్చారని మెక్‌లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి 1969లో వెలువరించిన పుస్తకం నమోదు చేసింది. మన దేశంలో ఆ తర్వాత వచ్చిన వ్యాపార శిక్షణ కార్యక్రమాల్లో చాలావాటికి ‘కాకినాడ ప్రయోగం’ మూలాధారం.

అరవై ఏళ్ల కిందటి ఈ సంగతికి ఇప్పుడూ విలువుంది. పైసా పెట్టుబడి ఇవ్వని శిక్షణ కూడా పెట్టుబడిని కదిలించగలదని అది చూపించింది. నిమ్స్‌మెలో నేడు నడిచే కోర్సుల్లో కొన్నిటికి రుసుము ఉంటుంది, ప్రభుత్వ శాఖలు ఖర్చు భరించే శిక్షణలు ఉచితం. ముందు అడగాల్సింది ఈ రెండోవాటి గురించే.

రిజిస్ట్రేషన్: పైసా కట్టనక్కర్లేని చోట కట్టే డబ్బు

కొత్తవాళ్ల సొమ్ము ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల కోసం 2020 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన ఉద్యం రిజిస్ట్రేషన్‌ను తీసుకుందాం. ఆధార్ నంబరు కొట్టాలి, ఫోనుకు వచ్చిన ఓటీపీ ఇవ్వాలి, పాన్ నంబరును పోర్టలే సరిచూసుకుంటుంది, తర్వాత చిరునామా, చేసే పని రకం, ఎంతమంది పనిచేస్తున్నారు అన్నవి నింపాలి. ఏ కాగితమూ అప్‌లోడ్ చేయనక్కర్లేదు. ప్రభుత్వానికి కట్టాల్సింది సున్నా. అయినా ఇంటర్నెట్‌లో వెతికితే ప్రభుత్వ పోర్టల్ కంటే ముందు, దాన్ని పోలిన రంగులతో, జాతీయ చిహ్నాన్ని తలపించే గుర్తులతో ప్రైవేటు సైట్లు కనబడతాయి. వందల నుంచి వేల దాకా తీసుకుని ఇదే ఫారం నింపిపెడతాయి. చిరునామా చివర ‘గవ్ డాట్ ఇన్’ ఉందో లేదో చూసుకోవడమే రక్షణ.

జీఎస్టీ నమోదుకూ ప్రభుత్వ రుసుము లేదు. సేవలు అమ్మేవాళ్లకు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ సాధారణంగా ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటేదాకా నమోదు తప్పనిసరి కాదు. మొదటి రోజే జీఎస్టీ తీసేసుకుని, అమ్మకం లేని నెలల్లోనూ రిటర్నులు వేసుకుంటూ, మరిచిపోయి లేటు ఫీజు కట్టే సంస్థలు ఎన్నో. పెద్ద కంపెనీలకు పని చేసేవాళ్లకు, ఆన్‌లైన్ మార్కెట్లలో సరుకు అమ్మేవాళ్లకు అది ముందే అవసరపడవచ్చు. మిగతావాళ్లు తొందరపడనక్కర్లేదు.

కంపెనీ పెట్టడం విషయంలో మాత్రం ‘ఉచితం’ అన్న మాటను జాగ్రత్తగా చూడాలి. అధీకృత మూలధనం 15 లక్షల వరకు ఉంటే కంపెనీ వ్యవహారాల శాఖ నమోదు రుసుము తీసుకోదు, స్టాంపు డ్యూటీ లాంటివి ఉంటాయి. కానీ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి అమ్మకాలు ఉన్నా లేకున్నా ఏటా ఆడిట్ చేయించాలి, వార్షిక పత్రాలు దాఖలు చేయాలి. లేటైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయల అదనపు రుసుము పడుతుంది. రెండేళ్లు మరిచిపోయిన కంపెనీ కట్టాల్సిన మొత్తం, అది అప్పటిదాకా సంపాదించినదాన్ని మించిపోవచ్చు. పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థకు, అంటే ఎల్‌ఎల్‌పీకి, టర్నోవర్ 40 లక్షలు లేదా భాగస్వాముల పెట్టుబడి 25 లక్షలు దాటితేనే ఆడిట్ తప్పనిసరి. ఒంటరిగా మొదలుపెట్టేవాళ్లకు సొంతదారు సంస్థే చౌక, ఉద్యం దానికీ వస్తుంది.

అయితే స్టార్టప్ ఇండియా గుర్తింపు సొంతదారు సంస్థకు రాదు. 2016 జనవరి 16న ప్రారంభమైన ఈ పథకంలో ప్రైవేట్ లిమిటెడ్, ఎల్‌ఎల్‌పీ, రిజిస్టరైన భాగస్వామ్య సంస్థల వంటివాటికే చోటు. దరఖాస్తుకు డబ్బు కట్టనక్కర్లేదు. దీనివల్ల వచ్చే ప్రయోజనాల్లో సొంత డబ్బుతో నడిచే సంస్థకు నిజంగా పనికొచ్చేది మేధో సంపత్తి రాయితీ. ట్రేడ్‌మార్క్‌కు ఆన్‌లైన్లో దరఖాస్తు చేస్తే కంపెనీలకు ఒక్కో తరగతికి 9,000 రూపాయలు, వ్యక్తులకు, గుర్తింపు ఉన్న స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు 4,500. పేటెంట్ దాఖలుకు పెద్ద కంపెనీ 8,000 కడితే వ్యక్తి, స్టార్టప్ 1,600 కడితే చాలు. పైగా ప్రభుత్వ జాబితాలోని పేటెంట్, ట్రేడ్‌మార్క్ నిపుణులను ఎంచుకుంటే వాళ్ల ఫీజు ప్రభుత్వమే భరిస్తుంది, సంస్థ కట్టేది చట్టబద్ధమైన రుసుము మాత్రమే. ఈ చివరి సదుపాయం గురించి వినని వ్యవస్థాపకులు చాలామంది ఉన్నారు. బయట వేలల్లో ఖర్చయ్యే పని అది.

ఇంకొకటి, పేరు పెట్టుకునే ముందే ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెతుకులాట పేజీలో చూసుకోవాలి. అది ఎవరికైనా ఉచితం. బోర్డు, డబ్బాలు, విజిటింగ్ కార్డులు అన్నీ అచ్చయ్యాక లాయరు నోటీసు వస్తే పడే ఖర్చుతో పోలిస్తే ఆ పావుగంట ఎంత?

సలహా

రెడ్‌బస్ కథలో అందరికీ గుర్తుండేది దీపావళికి హైదరాబాద్ రావడానికి బస్సు టికెట్ దొరకని ఫణీంద్ర సామ. సొంత పెట్టుబడి సంస్థలకు అందులో పనికొచ్చేది తర్వాతి భాగం. బిట్స్ పిలానీలో చదివిన ముగ్గురు మిత్రులు ఫణీంద్ర, సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజు తలాకొంత వేసుకుని 5 లక్షలతో 2006లో బెంగళూరులో మొదలుపెట్టారు. ట్రావెల్స్ వ్యాపారం వాళ్లకు కొత్త, అసలు వ్యాపారమే కొత్త. అప్పుడు టై సంస్థ నడిపిన మార్గదర్శక కార్యక్రమానికి ఎంపికయ్యారు. అనుభవమున్న వ్యాపారవేత్తలు వాళ్లకు సలహాదారులుగా కుదిరారు. బయటి పెట్టుబడి ఆ తర్వాత వచ్చింది. 2013లో రెడ్‌బస్‌ను ఐబిబో కొనుక్కుంది. తర్వాత ఫణీంద్ర తెలంగాణ ప్రభుత్వ ప్రధాన ఆవిష్కరణ అధికారిగా పనిచేశారు. ఒకప్పుడు సలహా ఉచితంగా అందుకున్న మనిషి, అదే సలహాను రాష్ట్రమంతటికీ అందించే పనిలో కూర్చున్నారన్నమాట.

టై సంస్థ 1992లో అమెరికా సిలికాన్ వ్యాలీలో దక్షిణాసియా వ్యాపారవేత్తలు పెట్టుకున్నది. దానికి హైదరాబాద్ శాఖ ఉంది. విదేశాల్లో స్థిరపడిన తెలుగువాళ్లలో సాంకేతిక రంగ అనుభవం ఉన్నవాళ్లను చేరడానికి ఇలాంటి సంఘాలు ఒక దారి. ప్రభుత్వం వైపు నుంచి తెలంగాణ ఇన్నోవేషన్ సెల్, 2015 నవంబరు 5న ట్రిపుల్ ఐటీ ప్రాంగణంలో మొదలై 2022 జూన్‌లో రాయదుర్గంలోని పెద్ద భవనానికి మారిన టీ-హబ్, 2018 మహిళా దినోత్సవం నాడు మొదలైన వీ-హబ్ ఉన్నాయి. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ ఇంక్యుబేటర్ 2008 నుంచి నడుస్తోంది. వ్యవసాయ సంబంధ ఆలోచనలకు పటాన్‌చెరు ఇక్రిశాట్, రాజేంద్రనగర్ నార్మ్ ప్రాంగణాల్లో ఇంక్యుబేటర్లున్నాయి. మహిళలకు వీ-హబ్ కంటే చాలా ముందు, 1993లోనే ‘ఎలీప్’ పుట్టింది. మహిళలే కూడి గాజులరామారంలో తమకోసం పారిశ్రామికవాడ కట్టుకున్న సంఘం అది. ఆ చరిత్రకు రావలసినంత పేరు రాలేదు.

ఈ చోట్ల కూర్చునే బల్లకు అద్దె ఉండవచ్చు, కొన్ని కార్యక్రమాలకు వాటా అడగవచ్చు. ఎంత ఇస్తున్నారు, ఏం తీసుకుంటున్నారు అన్నది కాగితం మీద చూసుకున్నాకే సంతకం చేయాలి. ఉపన్యాసాల సభలు ఎన్ని హాజరైనా ఒరిగేది తక్కువ. తన పరిశ్రమలో పదేళ్లు పనిచేసిన ఒక్క మనిషిని పట్టుకుని, నెలకు ఒక గంట అడిగి, ముందు రోజే మూడు ప్రశ్నలు రాసి పంపితే దక్కేది ఎక్కువ. ప్రశ్న స్పష్టంగా ఉంటే తెలియని పెద్దలు కూడా జవాబిస్తారు. ‘నా ఐడియా ఎలా ఉంది సార్’ అంటే మర్యాదకు బాగుందనే అంటారు.

వస్తువు తయారుచేసేవాళ్లకు

అమీర్‌పేట నుంచి మియాపూర్ వైపు మెట్రో లైన్లో బాలానగర్ వస్తుంది. 1968లో మొదలైన కేంద్రీయ టూల్ డిజైన్ సంస్థ సీఐటీడీ, కేంద్ర ఎంఎస్‌ఎంఈ శాఖ కార్యాలయం, లెక్కలేనన్ని లేత్ షాపులు ఉన్న ప్రాంతమిది. చింతకింది మల్లేశం కథలో కీలక ఘట్టం ఇక్కడే జరిగింది.

ఆలేరు దగ్గరి శారాజీపేట నేత కుటుంబం ఆయనది. పోచంపల్లి చీరకు రంగులద్దే ముందు దారాన్ని మేకుల చుట్టూ అర్ధచంద్రాకారంలో పోయాలి, దాన్ని ఆసు పోయడం అంటారు. ఒక్కో చీరకు చేయి తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ కదలాలి. రోజుకు రెండు చీరలకు ఆసు పోస్తే పద్దెనిమిది వేల సార్లు. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక మల్లేశం 1992లో యంత్రం తయారీ మొదలుపెట్టారు. అప్పులు పెరిగాయి, పని ఆగింది, హైదరాబాద్ వచ్చి కూలి పనుల్లో చేరారు. వచ్చిన డబ్బులోంచే విడిభాగాలు కొనేవారు. 1999లో బాలానగర్‌లో పనికి వెళ్లినచోట ఒక యంత్రం కదలిక చూసి, తన యంత్రంలో తెగని చిక్కు విడిపోయింది. నాలుగైదు గంటల ఆసు పని గంటన్నరకు తగ్గింది. తల్లి పేరు మీద ‘లక్ష్మీ ఆసు యంత్రం’ అయింది.

ఆయనకు సహాయం అందింది ఆ తర్వాతే. విశ్రాంత బ్రిగేడియర్ గణేశం స్థాపించిన పల్లె సృజన అనే స్వచ్ఛంద సంస్థ మల్లేశం పనిని వెలికితీసి, జాతీయ ఆవిష్కరణల సంస్థ దాకా తీసుకెళ్లి, పేటెంటుకు దారి చూపింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. పల్లె సృజన కార్యకర్తలు ఊళ్లలో కాలినడకన శోధయాత్రలు చేసి ఇలాంటివాళ్లను వెతుకుతారు, డబ్బు తీసుకోరు. మల్లేశానికి ఏడేళ్లు పట్టింది తెలివి తక్కువై కాదు, సరైన యంత్రం కళ్లబడే చోటు అందుబాటులో లేక. ఇప్పుడైతే రాయదుర్గంలో 2023 మార్చి 2న ప్రారంభమైన టీ-వర్క్స్ ఉంది. లేజర్ కట్టర్లు, సీఎన్‌సీ యంత్రాలు, సర్క్యూట్ బోర్డుల విభాగం ఒకే కప్పు కింద ఉన్నాయి. వాడకానికి రుసుము ఉన్నా, యంత్రం కొనే ఖర్చు తప్పుతుంది. ఊళ్లలో ఉన్నవాళ్లకు 2019లో మొదలైన తెలంగాణ ప్రభుత్వ కార్యక్రమం ‘ఇంటింటా ఇన్నోవేటర్’ ఒక దారి. వాట్సాప్‌లో వివరాలు పంపితే, ఎంపికైనవాటిని ఆగస్టు 15న జిల్లా కేంద్రంలో ప్రదర్శిస్తారు.

సాఫ్ట్‌వేర్, డేటా, చదువు

ఈ విభాగంలో దొరకనిదంటూ దాదాపు లేదు, కాబట్టి ఎంపికే కష్టం. లినక్స్, లిబ్రే ఆఫీస్, పోస్ట్‌గ్రెస్, బ్లెండర్ లాంటివి లైసెన్సు రుసుము లేకుండా ఎప్పటికీ వాడుకోవచ్చు. వెబ్‌సైట్ భద్రతా సర్టిఫికెట్‌ను లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచితంగా ఇస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమాన్ని నడుపుతున్న ‘స్వేచ్ఛ’ సంస్థ వాలంటీర్లు నేర్పడానికి ముందుంటారు. తెలుగులో మాట్లాడే, చదివే అప్లికేషన్లు కట్టేవాళ్లకు కేంద్ర ప్రభుత్వ భాషిణి వేదికలో అనువాద, వాక్కు నమూనాలు అందుబాటులో ఉన్నాయి. 2003లో ఐఐటీలు, భారత విజ్ఞాన సంస్థ కలిసి మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు.

పెద్ద క్లౌడ్ కంపెనీలు స్టార్టప్‌లకు ఇచ్చే క్రెడిట్ల సంగతి వేరు. అవి గడువున్న బహుమతులు. క్రెడిట్లు ఉన్నన్నాళ్లూ అవసరానికి మించిన సర్వర్లు పెట్టుకుని, గడువు తీరాక వచ్చిన బిల్లు చూసి సంస్థ మూసుకున్నవాళ్లున్నారు. క్రెడిట్ అయిపోయిన మర్నాడు ఈ బిల్లు నా ఆదాయంలోంచి కట్టగలనా అని మొదటి రోజే లెక్క వేసుకోవాలి. ఆ కంపెనీ ప్రత్యేక సేవలకు అల్లుకుపోకుండా, ఎక్కడికైనా మార్చుకోగల విధంగా కట్టుకోవాలి. ఖర్చు హద్దు దాటితే సందేశం వచ్చేలా సెట్టింగ్ పెట్టుకోవడానికి ఐదు నిమిషాలు చాలు.

రావలసిన డబ్బు

సొంత డబ్బుతో నడిచే సంస్థకు అసలు పెట్టుబడిదారు కస్టమరే. కాబట్టి బాకీ వసూలుకు చట్టం ఉచితంగా ఇచ్చిన బలం అన్నిటికన్నా విలువైన వనరు, అయినా వాడేవాళ్లు తక్కువ. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి బాకీ పెట్టకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా కట్టాలి. ఇవ్వకపోతే ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేసి, రాష్ట్ర స్థాయి ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లవచ్చు. 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను చట్టంలో ఒక నిబంధన కూడా తోడైంది. గడువు దాటినా ఆ ఏడాదిలో చెల్లించని బాకీని కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేడు. ఫోన్లకు స్పందించని అకౌంట్స్ విభాగాలు ఈ నిబంధన పేరెత్తితే స్పందిస్తాయి. ఇవన్నీ దక్కాలంటే పని ఒప్పుకునే ముందే ఉద్యం నంబరు చేతిలో ఉండాలి, ఇన్వాయిస్ మీద అచ్చు వేయాలి. సరుకు ఇచ్చేశాక నమోదు చేసుకుంటే వివాదం కోర్టుల దాకా పోతుంది.

చిల్లర అమ్మకాలకు యూపీఐ ఉంది. 2020 జనవరి నుంచి దానిపై వ్యాపారి కమిషన్ లేదు. ప్రభుత్వ శాఖలకు అమ్మాలనుకుంటే జెమ్ పోర్టల్‌లో గుర్తింపు ఉన్న స్టార్టప్‌లకు ముందస్తు డిపాజిట్, పాత అనుభవం విషయంలో సడలింపులున్నాయి.

గ్రాంట్లు, అప్పులు

వాటా వదులుకోకుండా వచ్చే డబ్బు కొంత ఉంది. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ నిధి పథకం కింద ప్రోటోటైప్‌కు ‘ప్రయాస్’ 10 లక్షల దాకా ఇస్తుంది. ఉద్యోగం వదులుకున్నవాళ్లకు నెలకు 30 వేల దాకా భృతి ఇచ్చే విభాగమూ అందులో ఉంది. జీవసాంకేతిక రంగంలో కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ ఇచ్చే ‘బిగ్’ గ్రాంటు 50 లక్షల వరకు. 2021 నాటి స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ ఇంక్యుబేటర్ల ద్వారా 20 లక్షల దాకా గ్రాంటు ఇచ్చింది. ముద్ర రుణాలు పూచీకత్తు లేకుండా వస్తాయి, 2024 నుంచి పాత రుణం సరిగ్గా తీర్చినవాళ్లకు పరిమితి 20 లక్షలు. ఇవి అప్పులు, తిరిగి కట్టాలి. అమ్మకం మొదలయ్యాక తీసుకుంటేనే క్షేమం.

ఆంధ్రప్రదేశ్‌లో

విజయవాడ ఎస్‌టీపీఐ కేంద్రం చిన్న నగరాల కోసం ఉద్దేశించిన నవతర ఇంక్యుబేషన్ పథకంలో చేరింది. విశాఖ రుషికొండలో రాష్ట్ర విభజన కాలం నుంచీ ఇంక్యుబేషన్ వసతులున్నాయి. 2025 ఆగస్టులో మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ ప్రారంభమైంది, ఇతర నగరాల్లో దానికి అనుబంధ కేంద్రాలున్నాయి. ఉద్యం, ట్రేడ్‌మార్క్, 45 రోజుల చట్టం లాంటి కేంద్ర సదుపాయాలు రెండు రాష్ట్రాలకూ ఒకటే.

లోటు

ఈ సహాయ వ్యవస్థలో రెండు లోపాలు కొట్టొచ్చినట్టు కనబడతాయి. ఒకటి భాష. దరఖాస్తులు, పిచ్ డెక్కులు, ఎంపిక ఇంటర్వ్యూలు దాదాపు పూర్తిగా ఇంగ్లీషులో నడుస్తాయి. పని తెలిసి ఇంగ్లీషు రానివాళ్లు ఏజెంటును ఆశ్రయిస్తారు, ఉచితమైనది అక్కడ ఖరీదవుతుంది. రెండోది చోటు. కొత్త కేంద్రాలన్నీ రాయదుర్గం, గచ్చిబౌలి వైపు చేరాయి. జిల్లాల నుంచి వచ్చినవాళ్లు దిగేది, ఉండేది, చదివేది మాత్రం అమీర్‌పేట చుట్టూ. 2017 నవంబరులో మెట్రో మొదలయ్యాక ఇది రెండు లైన్లు కలిసే కూడలి కూడా అయింది. ఇక్కడ వారానికి ఒక్క రోజు తెలుగులో ఉద్యం ఫారం నింపడం చూపించి, ట్రేడ్‌మార్క్ వెతుకులాట చేయించి, రాయితీ ఉన్న నిపుణుల జాబితా చేతిలో పెట్టే సహాయ బల్ల వేయడానికి పెద్ద భవనం అక్కర్లేదు. ఒకప్పుడు ఉపగ్రహ లింకు పంచిన మైత్రీవనంలోనే ఒక గది, ఫారాలు తెలిసిన ఇద్దరు మనుషులు, ఒక ప్రింటరు ఉంటే ఆ పని రేపటి నుంచే నడుస్తుంది.